ఒరిగిపోతున్న పెట్టె సమాధికి సిమెంటు పెట్టొచ్చా? ఇంగ్లాండ్ చర్చి ఆవరణ గురించి ఒక సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంకెవరికైనా పనికొస్తుందని ముందు దాన్నే క్లుప్తంగా చెబుతాను. మీరు గుంటూరు నుంచి వచ్చి గ్లోస్టర్‌షైర్‌లో ఒక పల్లెలో స్థిరపడ్డారు. ఈమధ్యే ఊరి చర్చి కౌన్సిల్‌లో మిమ్మల్ని సభ్యుడిగా తీసుకున్నారు. చర్చి దక్షిణ ద్వారం పక్కన 1700ల నాటి రాతి పెట్టె లాంటి సమాధి ఒకటుంది. దాని పక్క పలక బయటికి జరిగి నాలుగు వేళ్లు పట్టేంత సందు వచ్చింది. లోపలంతా చీకటి. ఆదివారం పిల్లలు అందులోకి తొంగి చూస్తున్నారు. లోపల శవం ఉంటుందా, ఇద్దరు ముగ్గురు కలిసి సిమెంటు పెట్టి అతికించేయొచ్చా, పైన పట్టినదంతా కడిగేయొచ్చా, అసలు ఈ బాధ్యత ఎవరిది అని అడిగారు, ఒక ఫొటో కూడా పంపారు.

మొదట పిల్లల సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. ఈ రోజే ఆ సమాధి చుట్టూ రెండు మీటర్ల దూరంలో ఏదో ఒక కంచె కట్టించండి. ఎందుకంటే పైన మూతలా పరిచిన రాయి ఉంది చూశారా, దాని బరువు చాలామంది ఊహించరు. రెండు మీటర్ల పొడవు, తొంభై సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు సెంటీమీటర్ల మందం అనుకుందాం. ఈ ప్రాంతపు సున్నపురాయి ఘనపు మీటరుకు సుమారు 2.2 టన్నులు తూగుతుంది. లెక్క వేస్తే ఆ ఒక్క పలకే 475 కిలోల దాకా వస్తుంది. రెండు బుల్లెట్ బళ్లు తూకంలో పెట్టినా దానికి సరిపోవు. అంత బరువు ఇప్పుడు ఒక పక్కన దేని మీద ఆగి ఉందో ఎవరికీ తెలియదు. పాత సమాధి రాళ్లు మీద పడి పిల్లలు చనిపోయిన సందర్భాలు ఈ దేశంలో ఉన్నాయి. భయపెట్టాలని కాదు, టెన్షన్ పడాల్సిన చోట కాస్త పడాలి కాబట్టి చెబుతున్నాను.

ఇక శవం సంగతి. ఆ పెట్టెలో శవం ఉండదు. మన వైపు నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. నేనూ అడిగాను, ఇరవై రెండేళ్ల కిందట. ఇక్కడ దీన్ని చెస్ట్ టూంబ్ అంటారు, పేరుకి తగ్గట్టే భోషాణం ఆకారం. కానీ పూడ్చింది నేలలో, మామూలు గోతిలోనో, ఇటుకలతో కట్టిన భూగృహంలోనో. పైన కనిపించేది గుర్తు మాత్రమే. మన ఊళ్లలో గోరీ కట్టినట్టే అనుకోండి. కింద పీఠం, నాలుగు పక్కలా నిలబెట్టిన పలకలు, మూలల్లో చెక్కిన స్తంభాలు, పైన మూత రాయి. లోపల చాలావాటిలో ఏమీ ఉండదు, ఖాళీ. కొన్నింటిలో రాళ్ల ముక్కలూ మట్టీ నింపుతారు.

అంటే ఇది పేకమేడ లాంటిది. ఎనిమిది పదేసి సెంటీమీటర్ల మందం ఉన్న పలకలు నిలువుగా నిలబడి అరటన్ను బరువు మోస్తున్నాయి. వాటిని కలిపి పట్టుకున్నవి ఇనుప బందులు. రెండు రాళ్ల అంచుల్లో గుంటలు తొలిచి, రెండు కొసలూ వంచిన ఇనుప ముక్కను వాటిలో దించి, కరిగించిన సీసం పోసేవారు. సీసం ఉన్నంతకాలం నీళ్లు ఇనుము దాకా రావు. రెండు మూడు వందల ఏళ్లకు ఎక్కడో ఒక సందు పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఉబ్బిన ఇనుము రాయిని లోపలి నుంచి చీలుస్తుంది. మీ ఫొటోలో కుడి మూల దగ్గర అర్ధచంద్రాకారంగా ఒక ముక్క లేచిపోయింది, దాని అంచున నారింజ రంగు మరక ఉంది. అది బందు ఉన్న చోటే. పలక జరగడానికి మొదటి కారణం అదేనని నా అనుమానం. రెండోది, ఎడమ పక్క నేల దిగింది. పక్కన ఎప్పుడో ఇంకో గోయి తవ్వి ఉంటారు, లేదా ఆ యూ చెట్టు (ఇక్కడి చర్చి ఆవరణల్లో ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు) వేరు పని. రసమట్టం తీసుకెళ్లి పీఠం మీద పెట్టి చూడండి. పీఠం సమంగా ఉండి పలక మాత్రమే జరిగితే ఇనుము తప్పు. పీఠమే వాలి ఉంటే నేల తప్పు. ఈ ఒక్క కొలత మీద ఖర్చు సగానికి సగం మారుతుంది.

ఇప్పుడు సిమెంటు. దయచేసి వద్దు. దీని గురించి నేను ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ తప్పు స్వయంగా చేసినవాణ్ణి. వచ్చిన కొత్తలో ఒక చర్చికి స్వచ్ఛందంగా సాయం చేయడానికి వెళ్లాను, పేరు వద్దు. మన దగ్గర సివిల్ చదివి, నాలుగేళ్లు సైట్లో పనిచేసి వచ్చిన ధీమా. పెట్టె సమాధి ఒకటి కీళ్లన్నీ, అంటే రాళ్ల మధ్య అతుకులన్నీ, ఊడి ఉంటే, ఒక శనివారం కూర్చుని ఒకటికి మూడు పాళ్ల సిమెంటు మాలు కలిపి, తాపీతో నున్నగా పాయింటింగ్ చేశాను. అందరూ మెచ్చుకున్నారు, టీ ఇచ్చారు, కేకు పెట్టారు. అయిదు చలికాలాలు గడిచాక అటు వెళ్తే, నేను పెట్టిన సిమెంటు గీత మాత్రం చెక్కుచెదరకుండా పక్కటెముకలా పైకి తేలి ఉంది. దానికి రెండు వైపులా రాయి బొబ్బలెక్కి, గోరు తగిలితే పొడిగా రాలుతోంది. చెక్కిన ద్రాక్ష తీగలో ఒక గుత్తి పూర్తిగా పోయింది. 1730 ప్రాంతంలో ఎవరో నెలలు కూర్చుని చెక్కిన గుత్తి, నా శనివారం మధ్యాహ్నంతో పోయింది.

కారణం చాలా సులువు. మీ ప్రాంతపు కొండల్లో, అంటే కాట్స్‌వోల్డ్స్‌లో, దొరికే ఈ రాయి జురాసిక్ కాలపు సున్నపురాయి. భూతద్దం పెట్టి చూస్తే చేప జనలా చిన్న చిన్న గుండ్రటి గింజలు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి. గింజల మధ్య సందులు, ఆ సందుల్లో నీళ్లు. వాన పడితే రాయి తాగుతుంది, ఎండ వస్తే వదిలేస్తుంది. ఆ వదలడం మెత్తటి సున్నపు కీలు గుండా జరిగితే ఉప్పులూ గడ్డకట్టే నీళ్లూ చేసే నష్టం కీలుకే జరుగుతుంది, యాభై అరవై ఏళ్లకోసారి కీలు మార్చుకుంటే చాలు. సిమెంటుతో ఆ దారి మూసేస్తే నీళ్లు రాయి ముఖంలోంచే బయటికి రావాలి. అక్కడే ఉప్పు గడ్డకడుతుంది, అక్కడే మంచు పట్టి ఉబ్బుతుంది. మాలు ఎప్పుడూ రాయికన్నా బలహీనంగా ఉండాలి. మన సైట్లలో నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు. కానీ మన తాతల కాలపు మేస్త్రీలకు ఇది తెలుసు. గానుగ సున్నంతో కట్టిన ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా నిలబడే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర కట్టించింది కూడా రాయీ సున్నంతోనే.

దొర పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. కాటన్ సమాధి డోర్కింగ్‌లో ఉంది, మన తెలుగువాళ్లు చాలామంది వెళ్లి పూలు పెట్టి వస్తుంటారు. సి.పి. బ్రౌన్‌ను పూడ్చింది లండన్ కెన్సల్ గ్రీన్‌లో. ఆ రెండూ సెమెటరీలు, ఊరి బయట విడిగా ఏర్పాటు చేసిన శ్మశానాలు. మీది చర్చియార్డ్, అంటే గుడి ప్రాకారం లోపలి స్థలం లాంటిది. చూడటానికి ఒకేలా ఉన్నా చట్టం వేరు. అక్కడ ఎవరో చేసిన పద్ధతి చూసి ఇక్కడ చేయబోవద్దు.

మరి చట్టం ఏమంటుంది? సమాధి రాయి సొంతదారు చర్చి కాదు. కట్టించినవారు బతికున్నంతకాలం వాళ్లది, తర్వాత ఎవరి పేరిట కట్టారో వారి వారసులది. మూడు వందల ఏళ్ల తర్వాత ఆ వారసుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడో, మీ వీధి చివరే ఉన్నాడో ఎవరికి తెలుసు! కాబట్టి ఆచరణలో ఆవరణ బాగోగులు చూసేది మీ చర్చి కౌన్సిలే. ఒకవేళ ఆవరణ నిండిపోయి ప్రభుత్వ ఉత్తర్వుతో మూసేసి ఉంటే, 1972 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం 215వ సెక్షన్ కింద నోటీసిచ్చి ఆ బాధ్యతను స్థానిక కౌన్సిల్‌కు అప్పగించే వీలుంది. మీ ఊళ్లో అది ఇప్పటికే జరిగి ఉండొచ్చు, పాత మినిట్స్ పుస్తకం తిరగేయండి. ఒక్కోసారి అక్కడ ఒక్క పేజీ దొరికి వేల పౌండ్ల తలనొప్పి తీరిపోతుంది.

బాధ్యత ఎవరిదైనా, ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. దాని పేరు ఫ్యాకల్టీ. కాలేజీ లెక్చరర్లు కాదు లెండి, ఇది డయోసీస్, అంటే ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం, న్యాయాధికారి ఇచ్చే ఉత్తర్వు. ఆ న్యాయాధికారిని చాన్సలర్ అంటారు, ఆయన కూర్చునేది కన్సిస్టరీ కోర్టు. దరఖాస్తుకు ముందు డయోసీస్ సలహా కమిటీ, అంటే డాక్, కార్యదర్శికి ఒక మెయిల్ పెట్టండి, నాలుగు ఫొటోలు జతచేయండి. వాళ్లు విసుక్కోరు. అడక్కుండా చేసేవాళ్ల మీదే వాళ్ల కోపం.

ఇంకొకటి, చాలామంది పొరపడే చోటు. మీ చర్చి భవనం లిస్టెడ్, అంటే చట్టరక్షణ ఉన్న పాత కట్టడాల జాబితాలో ఉంది, అని రాశారు. సమాధి కూడా విడిగా లిస్టులో ఉందేమో చూశారా? పాత కట్టడాల వ్యవహారాలు చూసే హిస్టారిక్ ఇంగ్లాండ్ సంస్థ వెబ్‌సైట్‌లో నేషనల్ హెరిటేజ్ లిస్టు ఉంటుంది, మ్యాప్ తెరిచి చర్చి మీద జూమ్ చేస్తే చుట్టూ చిన్న చిన్న త్రికోణాలు కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో పెట్టె సమాధులు చాలా మటుకు గ్రేడ్ 2 కింద విడివిడిగా నమోదయ్యాయి. గ్రేడ్ 2 అంటే ‘రెండో రకం’ అని తేలిగ్గా తీసుకోవద్దు, దేశంలో లిస్టయినవాటిలో పదికి తొమ్మిది అవే. చర్చి ఆఫ్ ఇంగ్లాండ్ భవనాలకు లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ నుంచి మినహాయింపు ఉంది, ఫ్యాకల్టీ ఉంటే చాలు. విడిగా లిస్టయిన సమాధికి ఆ మినహాయింపు అందకపోవచ్చు, అప్పుడు స్థానిక కౌన్సిల్ కన్సెంట్ కూడా కావాలి. ఆ కౌన్సిల్‌లో పాత కట్టడాలు చూసే కన్జర్వేషన్ ఆఫీసర్‌ను అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి లేకుండా లిస్టెడ్ కట్టడం రూపు మార్చడం ఇక్కడ నేరమే, ఏదో ఫైన్ కట్టేసి బయటపడే వ్యవహారం కాదు.

కడగడం గురించి: వద్దు. ప్రెషర్ వాషర్ మాటే ఎత్తొద్దు. పైన కనిపించే తెల్లటి, పసుపు, బూడిద రంగు బిళ్లలు మురికి కాదు, లైకెన్లు, అంటే రాయి మీద బతికే నాచు లాంటి ప్రాణులు. వాటిలో కొన్ని ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేతి అంత ఉన్న బిళ్ల వయసు మీరే లెక్కేసుకోండి. బ్రిటన్‌లోని లైకెన్ జాతుల్లో ఏడు వందలకు పైగా చర్చి ఆవరణల్లో కనిపించాయి, వాటికి ఇదే ఇల్లు. మూత రాయి అంచు కింద, వాన తగలని చోట నల్లగా పెచ్చు కట్టింది చూడండి, అది వేరే సంగతి. బొగ్గు పొగలోని గంధకం రాతిలోని సున్నంతో కలిసి జిప్సమ్‌గా మారి, మసిని పట్టుకుని నల్లబడింది. దాన్ని గీకితే కింద రాయి ముఖం కూడా ఊడొస్తుంది. ఐవీ అనే పాకే తీగ ఉంటే లాగొద్దు, మొదలు దగ్గర కోసి వదిలేయండి, ఎండి వదులయ్యాక చూద్దాం.

రాసింది చదవాలని ఉంది, చదవలేకపోతున్నాం అన్నారు. సుద్దముక్క రుద్దడం, షేవింగ్ ఫోమ్ పూయడం యూట్యూబ్‌లో చూసి ఉంటారు, రెండూ రాయికి చెడుపే. చీకటి పడ్డాక ఒక టార్చి తీసుకెళ్లి, పలకకు ఆనించినట్టు పక్క నుంచి వెలుగు వేయండి. పగలు ఏమీ లేదనుకున్న చోట అక్షరాలు లేచి నిలబడతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ‘రెలిక్ట్’ అని కనిపిస్తే ఆమె ఫలానావారి వితంతువు అని అర్థం. ‘క్లోదియర్’ అంటే ఉన్ని బట్టల వ్యాపారి, మీ ప్రాంతంలో ఇంత ఖర్చు పెట్టగలిగింది ఎక్కువగా వాళ్లే. చనిపోయిన ఏడాది 1719/20 అని రెండు అంకెలతో ఉంటే తప్పు చెక్కారనుకోవద్దు. 1752కి ముందు ఇంగ్లాండ్‌లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాదిలా వసంతంలోనే అన్నమాట. జనవరి నుంచి మార్చి మధ్య పోయినవాళ్లకు రెండు ఏళ్లూ రాసేవారు.

ఉన్ని మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి చెప్పి ముందుకు వెళ్తాను. వీలైతే ఒక ఆదివారం బర్‌ఫర్డ్ వెళ్లండి. అక్కడి పెట్టె సమాధుల మీద మూత చదునుగా ఉండదు, గీతలు గీతలుగా చుట్టిన దిండులా ఉంటుంది. వాటిని బేల్ టూంబ్స్ అంటారు, ఉన్ని మూటలకు గుర్తని ఊరివాళ్ల మాట. శవపేటిక మీద గుడ్డ కప్పడానికి వాడిన లోహపు చట్రం రూపమనే వాదన కూడా ఉంది, నాకదే నిజమనిపిస్తుంది. అయితే ఉన్నికీ చావుకీ ఇక్కడ చట్టబద్ధమైన సంబంధమే ఉండేది. ఉన్ని వ్యాపారాన్ని కాపాడటానికి 1660లు, 70లలో చట్టాలు చేసి, శవానికి ఉన్ని గుడ్డే చుట్టాలన్నారు. లేదంటే 5 పౌండ్ల జరిమానా. అందులో సగం పేదలకు, సగం ఫిర్యాదు చేసినవారికి. డబ్బున్నవాళ్లు నార బట్టలోనే పూడ్చి, తమ మనిషితోనే ఫిర్యాదు ఇప్పించుకుని సగం వెనక్కి రాబట్టుకునేవారట! 1814 దాకా ఆ చట్టం పుస్తకాల్లో ఉంది. ఇక పెయిన్‌స్విక్ మీకు దగ్గరే. కత్తిరించిన యూ చెట్ల మధ్య చర్చి ఆవరణ నిండా ఇలాంటి సమాధులే. అక్కడ చాలావాటిని చెక్కిన జాన్ బ్రయాన్ 1787లో పోయాడు, ఆయన సమాధి మాత్రం పిరమిడ్ ఆకారంలో ఉంటుంది.

సరే, మరమ్మతు ఎలా జరుగుతుందో తెలిస్తే కొటేషన్ చదవడం సులువు. ముందు అన్ని వైపుల నుంచి ఫొటోలు, కొలతలు, ప్రతి రాయికీ ఒక నంబరు. ట్రైపాడ్ నిలబెట్టి, చైన్ బ్లాక్‌తో (గొలుసు కప్పీ), మెత్తటి బెల్టులు వేసి మూత రాయి లేపుతారు. గునపంతో ఎత్తుతామన్నవాణ్ణి గేటు దగ్గర నుంచే పంపేయండి. పలకలు విప్పాక పాత ఇనుమంతా తీసి స్టెయిన్‌లెస్ స్టీల్ బందులు వేస్తారు. నేల దిగి ఉంటే కొత్త పునాది. లోపల, బయటికి కనిపించకుండా, ఒక చిన్న గోడ కట్టి మూత రాయి బరువంతా దాని మీదకు మళ్లిస్తారు. పలకలు ఇక మోయాల్సిన పని లేదు, అందంగా నిలబడితే చాలు. నన్నడిగితే మొత్తం పనిలో అసలు తెలివైన భాగం ఇదే, కొటేషన్‌లో ఇది లేకపోతే ఎందుకు లేదో అడగండి. కీళ్లకు సున్నపు మాలు. ఇది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపే చేయాలి, చలికాలంలో సున్నం గట్టిపడకముందే మంచుకు పాడవుతుంది. ఎండ ఎక్కువైనా ముప్పే, తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. మనం శ్లాబుకు క్యూరింగ్ చేసినట్టే.

కింద ఇటుక భూగృహం ఉండి, దాని కప్పు కూలినట్టు కనిపిస్తే మాత్రం ఎవరూ లోపలికి చెయ్యి కూడా పెట్టొద్దు. చెక్క పలక కప్పి, కంచె వేసి, బిషప్ కింద మీ చర్చిల వ్యవహారాలు చూసే ఆర్చ్‌డీకన్‌కు ఫోన్ చేయండి. ఎముకలు కనబడితే వాటిని కదపడానికి విడిగా అనుమతి తీసుకోవాలి. సందులోంచి గబ్బిలాలు వస్తూ పోతూ ఉన్నా పని ఆపాలి, వాటికి చట్టరక్షణ ఉంది.

నేను మూత ఎత్తడం మొదటిసారి దగ్గరుండి చూసిన రోజు ఇంకా గుర్తుంది. లోపల నత్త గుల్లలు, ఎండిన ఆకులు, పొగ తాగే మట్టి పైపు ముక్క, ఒక చిప్స్ ప్యాకెట్. పలక లోపలి ముఖం చూసి ఆగిపోయాం. బయటి ముఖం మూడు వందల ఏళ్ల వానకు కరిగి నున్నబడింది, లోపలి ముఖం మీద ఉలి గాట్లు నిన్న సాయంత్రం కొట్టినంత పదునుగా ఉన్నాయి. ఒక మూల సగం చెక్కిన వరుస, ‘హియర్ లైయెత్’ (ఇక్కడ నిద్రిస్తున్నది) అన్నదాంట్లో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఆ మేస్త్రీ తప్పు గమనించి, రాయి పారేయడానికి మనసొప్పక, తిప్పి వాడేసుకున్నాడు. మాతో ఉన్న రాతిపనివాడు గట్టిగా నవ్వి, ఫొటో తీసుకుని, మళ్లీ అలాగే లోపలికి తిప్పి పెట్టేశాడు.

మీరు ఇప్పుడు చేయాల్సింది: కంచె, రసమట్టం కొలత, లిస్టులో వెతకడం, డాక్‌కు మెయిల్. పలక ఇంకా జరుగుతోందో లేదో తెలియాలంటే సందు దగ్గర ఒక స్కేలు పెట్టి, ప్రతి నెలా ఒకటో తేదీన ఒకే చోట నుంచి ఫొటో తీయండి. జరుగుతోందని తేలితే ఇంజనీరు వచ్చేదాకా చుట్టూ రాచెట్ బెల్టు (లారీ మీద సరుకు బిగించి కట్టే పట్టీ) బిగించొచ్చు. బెల్టుకూ రాతి అంచుకూ మధ్య చెక్క ముక్కలు తప్పనిసరి, దానికీ డాక్‌ను అడిగే చేయండి. కొలతలూ ఆ కుడి మూల దగ్గరి ఫొటో ఇంకొకటీ ఇక్కడ పెడితే నేను చూసి చెబుతాను.